ఫైర్‌ప్లేస్ చెక్కతో చేసిన గిటార్

గిటార్ వాయించేవాళ్ల గ్రూపుల్లో ఏ రోజు చూసినా ఒకటే గోల. ఏ పెడల్ (కాలితో తొక్కి గిటార్ శబ్దం మార్చే డబ్బా) కొనాలి, ఈ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) అమ్మేసి ఆ యాంప్ తీసుకుంటే ఎలా ఉంటుంది, ఫలానా పాటలో వినిపించే టోన్ రావాలంటే ఎంత పెట్టాలి. కొనేవాళ్లని నేనేమీ అనను, ఆ పిచ్చి నాకూ ఉంది, నెలాఖరున జేబు చూసుకుని ఆగిపోతానంతే. కానీ ఈ చర్చ ఎప్పుడు వేడెక్కినా నాకు క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే గుర్తొస్తాడు. పదహారేళ్ల వయసులో నాన్నతో కలిసి ఇంట్లో ఒక గిటార్ చేసుకుని, ఆ ఒక్కదాన్నే పట్టుకుని స్టేడియాలు నింపి, డెబ్బై దాటాక కూడా అదే వాయిస్తున్న మనిషి. మధ్యలో వేరే గిటార్లు ముట్టుకోలేదని కాదు, ముట్టుకున్నాడు, కానీ అవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

క్వీన్ బ్యాండ్ పేరు తెలియనివాళ్లకి కూడా 'వి విల్ రాక్ యు' తెలిసే ఉంటుంది, క్రికెట్ స్టేడియంలోనో కాలేజీ ఫెస్ట్‌లోనో ధబ్ ధబ్ చప్ అని చరిచే ఉంటారు. 1977లో ఆ పాట రాసింది ఈయనే. సరదా ఏంటంటే గిటారిస్టు రాసిన ఆ పాటలో చివర్లో సోలో వచ్చే దాకా గిటారే ఉండదు, కాళ్ల చప్పుడూ చప్పట్లూ గొంతులే. ఆ చప్పుళ్లు ఒక పెద్ద గుంపు చేసినట్టు వినిపించడానికి రికార్డింగ్‌కి కొన్ని ఆలస్యాలు (అదే చప్పుడు కాస్త ఆగి మళ్లీ వినిపించడం) జోడించి పేర్చారు. ఆ ఆలస్యాల మధ్య దూరాల్ని ప్రధాన సంఖ్యల నిష్పత్తిలో పెట్టానని బ్రయాన్ చెబుతాడు, అలా పెడితే ఒకదాని మీద ఒకటి పడి ఎకోలా వినిపించదు, జనం ఎక్కువమంది ఉన్నట్టే ఉంటుంది. ఫిజిక్స్ చదివినవాడి బుర్ర ఇలా పనిచేస్తుంది. అతని గిటార్ సంగతి కూడా అచ్చం ఇంతే.

1947 జులై 19న పుట్టాడు, లండన్‌కి పడమర పక్కన పెరిగాడు. నాన్న హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి, విమానయాన శాఖలో ఉద్యోగం, ఇంట్లో పనిముట్లు, చెక్కముక్కలు, సోల్డరింగ్ సామాన్లు ఎప్పుడూ ఉండేవి. కొడుక్కి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ మీద మోజు, కొనే స్తోమత లేదు. సరే మనమే చేద్దాం అనుకున్నారు, 1963 ఆగస్టులో మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి సుమారు రెండేళ్లు పట్టింది. మొత్తం ఖర్చు ఎనిమిది పౌండ్లని చెబుతుంటారు.

ఇప్పుడు ఈ గిటార్ దేనితో తయారైందో చూడండి. నెక్‌కి, అంటే గిటార్ మెడకి, వాడిన మహాగని చెక్క ఒక పాత ఫైర్‌ప్లేస్ నుంచి ఊడదీసింది, వందేళ్లు పైబడిన చెక్క, అందులో పురుగు తొలిచిన రంధ్రాలుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. బాడీ మధ్యలో ఉన్నది ఒక పాత బల్ల తాలూకు ఓక్ చెక్క, చుట్టూ చెక్కముక్కలు అతికించి చేసే బ్లాక్‌బోర్డు (నల్లబల్ల కాదు), పైన మహాగని పొర. వేళ్లతో తీగలు నొక్కే ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలున్నాయే, అవి అమ్మ కుట్టు పెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్వరాన్ని ఊపే ట్రెమొలో మీట సైకిల్ వెనక సంచీ తగిలించే కమ్మీ, దాని చివర తొడిగింది అమ్మ స్వెటర్లు అల్లే సూది కొస. ఆ ట్రెమొలోని వెనక్కి లాగి నిలబెట్టే రెండు స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ ఇంజన్ వాల్వు స్ప్రింగులు. ఇదంతా చదివితే పేదరికం కథలా అనిపిస్తుంది, చాలామంది అలాగే రాస్తారు కూడా, అయ్యో పాపం పాత సామానుతో చేసుకున్నాడు అని. నాకు మాత్రం అసలు విషయం సామానులో లేదనిపిస్తుంది, ఆ సామాను పెట్టి వాళ్లు ఏ సమస్యని తేల్చారన్నదే చూడాలి.

ట్రెమొలో సంగతే తీసుకోండి. మీట నొక్కితే తీగలు వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలేస్తే మళ్లీ మొదటి శ్రుతికి రావాలి. ఆ రోజుల్లో చాలా గిటార్లలో అది సరిగ్గా తిరిగి వచ్చేది కాదు, ఎందుకంటే తీగ ఎక్కడెక్కడ దేన్ని ఆనుకుంటుందో అక్కడల్లా రాపిడి ఉంటుంది, కాస్త ఇరుక్కుంటుంది, శ్రుతి పోతుంది. వీళ్లు రాపిడి ఉన్న చోట్లన్నీ వెతికి ఒక్కొక్కటే తీసేశారు. ట్రెమొలో మొత్తం గట్టిపరిచిన ఉక్కు కత్తి అంచు మీద ఊగుతుంది, పాత లాబొరేటరీ త్రాసు ఊగినట్టు. తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జి దగ్గర ప్రతి తీగ కిందా చేత్తో చేసిన చిన్న ఉక్కు రోలర్, తీగ కదిలితే అదీ దొర్లుతుంది. అటు చివర తీగలు ఆనడానికి జీరో ఫ్రెట్ అనే లోహపు కమ్మీ పెట్టి, తీగలు బిగించే హెడ్‌స్టాక్ దగ్గర తీగలు వంకర తిరగకుండా దాదాపు తిన్నగా పోయేలా చూశారు. ట్రెమొలోని గట్టిగా వాడినా శ్రుతి తప్పకపోవడానికి మార్కెట్లో ఖరీదైన పరికరాలు రావడానికి చాలా ఏళ్ల ముందే ఒక బడి పిల్లవాడూ వాళ్ల నాన్నా ఇంట్లో ఈ పని చేసేశారు!

ఇంకోటి, బాడీ లోపల బోలు గదులు. ఇది చెక్క మిగుల్చుకోవడానికి చేసింది కాదు. యాంప్ నుంచి వచ్చే శబ్దానికి గిటార్ కదిలి, తీగ తనంతట తాను మోగుతూనే ఉండటాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం కదా, అది రావాలనే అలా డిజైన్ చేశారు. బాడీ మీద ఒక ఎఫ్ ఆకారం రంధ్రం కూడా కొయ్యాలనుకున్నారు, ఆ పని మాత్రం చివరికి చెయ్యలేదు.

తీగల కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టల్ని పికప్‌లంటారు, వాటిని మొదట సొంతంగా చుట్టుకున్నాడు. మోగాయి గానీ తీగని పక్కకి లాగి స్వరం సాగదీసినప్పుడు అయస్కాంతాల అమరిక వల్ల ఒక అడ్డదిడ్డం చప్పుడు వచ్చేది. దాంతో బర్న్స్ ట్రై-సోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు, అవి కీచుమనకుండా లోపల ఆరాల్డైట్ జిగురు పోసి బిగించాడు. తర్వాత వైరింగ్. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఇది అర్థమైతే క్వీన్ పాటల్లో సగం రహస్యం అర్థమైనట్టే. స్ట్రాటోకాస్టర్ లాంటి గిటార్లో రెండు పికప్‌లు కలిపితే అవి సమాంతరంగా, అంటే ప్యారలల్‌గా కలుస్తాయి. బ్రయాన్ వాటిని సీరీస్‌లో కలిపాడు, ఒకదాని ఔట్‌పుట్ ఇంకోదానికి తోడై శబ్దం బలంగా, లావుగా వస్తుంది. పైగా ప్రతి పికప్‌కీ ఒక ఆన్-ఆఫ్ స్విచ్, శబ్దపు అలని తలకిందులు చేసే ఒక ఫేజ్ స్విచ్, మొత్తం ఆరు. రెండు పికప్‌ల్ని ఎదురు ఫేజ్‌లో పెడితే కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పైనున్న హార్మోనిక్స్ మిగులుతాయి, సన్నగా ముక్కుతో పాడినట్టు ఉంటుంది. ఒక్క గిటార్లో అన్ని గొంతులు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే జవాబు ఈ ఆరు చిన్న స్విచ్‌లే.

గిటార్ చేతికొచ్చింది, మరి యాంప్? ఆ కథలో రోరీ గాలహర్ ఉన్నాడు. టేస్ట్ అనే బ్యాండ్‌లో ఆ ఐరిష్ గిటారిస్టు లండన్ మార్కీ క్లబ్బులో వాయిస్తుండగా బ్రయాన్ వెళ్లి, అయిపోయాక నీ సౌండ్ ఎలా వస్తోందని నేరుగా అడిగేశాడు. అతను దాపరికం లేకుండా చెప్పాడు, ఒక వాక్స్ ఏసీ30 యాంప్, దాని ముందు పైస్వరాల్ని పెంచే రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్, అంతే. బ్రయాన్ వెళ్లి సెకండ్ హ్యాండ్ ఏసీ30లు రెండు, ఒక బూస్టర్ సంపాదించాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా మూలం అదే, బూస్టర్లు మారాయి, పీట్ కార్నిష్ చేసినవి వచ్చాయి, తర్వాత వేరేవాళ్లవి వచ్చాయి, కానీ వరస మారలేదు. గిటార్, బూస్టర్, ఏసీ30. ఇంత పెద్ద పేరున్న మనిషి కాళ్ల దగ్గర పెడల్స్ వరస కోసం వెతికితే మీకు పెద్దగా ఏమీ దొరకదు.

ఏసీ30 అంటే ముప్పై వాట్ల వాల్వ్ (గాజు గొట్టాల) యాంప్, దాన్ని నార్మల్ ఛానల్లో పెట్టి వాల్యూమ్ పూర్తిగా తిప్పేస్తాడు. బూస్టర్ బేస్‌ని కొంచెం తగ్గించి పైస్వరాల్ని ముందుకి తోస్తుంది కాబట్టి యాంప్ శబ్దం ఎంత చిరిగినా, అంటే గరగరలాడినా, బురదబురదగా అవ్వదు. మరి నెమ్మదైన చోట ఎలా అంటారా, గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్ తగ్గిస్తాడు. తగ్గిస్తే శుభ్రంగా గంటలా మోగుతుంది, పెంచితే గర్జిస్తుంది, మధ్యలో ఎన్నో మెట్లు. ఛానల్ మార్చడం లేదు, పెడల్ తొక్కడం లేదు, అంతా కుడిచేతి చిటికెన వేలి పని. మన గ్రూపుల్లో ఈ నాబ్ గురించి ఎవరూ మాట్లాడరు, అందరి గిటార్లలోనూ అది పదిలో తుప్పు పట్టి ఉంటుంది. పాఠాలు చెప్పేవాళ్లు కూడా దాన్ని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

ఇక పిక్. అందరూ ప్లాస్టిక్ పిక్ వాడతారు, ఈయన సిక్స్‌పెన్స్ నాణెం వాడతాడు, పాత బ్రిటిష్ ఆరు పెన్నీల బిళ్ళ. ప్లాస్టిక్ వంగుతుంది, నాణెం వంగదు, అందుకని తీగ మీద ఏం జరుగుతోందో వేళ్లకి నేరుగా తెలుస్తుందంటాడు. అంచున ఉన్న గీతలు తీగకి ఏటవాలుగా తగిలితే స్వరం మొదట్లో ఒక చిన్న గరగర వస్తుంది, హల్లుతో మొదలయ్యే మాటలాగా, అది అతని ముద్ర. 1980లో ఆ నాణెం చెలామణి నుంచి పోయింది. 1993లో అతని టూర్ కోసం రాయల్ మింట్ వాళ్లు అతని బొమ్మతో ప్రత్యేకంగా సిక్స్‌పెన్స్‌లు ముద్రించారు కూడా. మీరు ఇంట్లో రూపాయి బిళ్ళతో ప్రయత్నిస్తే గీకుడు ఎక్కువగానూ సంగీతం తక్కువగానూ వస్తుంది, ముందే చెబుతున్నాను. చేతి మణికట్టు వదులుగా ఉండాలి, అతను బిళ్ళని పట్టుకునేది కూడా చాలా వదులుగానే.

కెరీర్ కథ చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్, స్మైల్ అనే బ్యాండ్, అందులో డ్రమ్స్ మీద రోజర్ టేలర్, పాడేది టిమ్ స్టాఫెల్. టిమ్ వెళ్లిపోయాక 1970లో ఫ్రెడ్డీ మెర్క్యురీ చేరాడు, క్వీన్ అయింది. (ఫ్రెడ్డీ బడి చదువు మన దేశంలోనే, మహారాష్ట్రలోని పంచగనిలో, అది తెలిసినప్పుడల్లా మనవాళ్లు ఉబ్బిపోతారు, ఉబ్బనివ్వండి.) 1971లో బేస్ గిటారిస్టు జాన్ డీకన్ వచ్చాడు, 1973లో మొదటి ఆల్బమ్. ఈ మధ్యలో బ్రయాన్ అంతరిక్షంలోని ధూళి మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు, 1972లో నేచర్ పత్రికలో అతని పేరు ఉన్న పేపర్ కూడా వచ్చింది. 1974కి వచ్చేసరికి రెండూ కుదరక పీహెచ్‌డీ పక్కన పడేశాడు. గిటార్ చేసిపెట్టిన నాన్నకే అది మింగుడు పడలేదు, కొంతకాలం మాటలు కూడా లేవు. వినడానికి మన ఇంట్లో కథలాగే ఉంది కదా, హాబీగా అయితే సరే, ఉద్యోగం మానేసి వాయిస్తానంటే ఊరుకోరు. తర్వాత 1977లో బ్రయాన్ అమ్మానాన్నల్ని కాంకార్డ్ విమానం ఎక్కించి న్యూయార్క్ తీసుకెళ్లి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తమ కచేరీ చూపించాడు. హెరాల్డ్ ఉద్యోగంలో కాంకార్డ్ పరికరాల మీద పనిచేసినవాడే, కానీ అందులో ఎక్కడం అదే మొదటిసారి. ఆ రాత్రి కచేరీ చూశాక ఆయన మెత్తబడ్డాడు.

1974లోనే ఇంకో దెబ్బ. అమెరికాలో మాట్ ద హూపుల్ బ్యాండ్‌కి ముందు వాయించే టూర్‌లో ఉండగా హెపటైటిస్ వచ్చి పడిపోయాడు, టూర్ ఆగిపోయింది, ఆ తర్వాత కడుపులో అల్సర్. తను లేకుండానే మిగతా ముగ్గురూ మూడో ఆల్బమ్ మొదలుపెట్టేశారు. తనని తీసేస్తారేమోనని టెన్షన్, వాళ్లేమో గిటార్ కోసం ఖాళీలు వదిలిపెట్టి కూర్చున్నారు. కోలుకుని వచ్చి ఆ ఖాళీలు నింపాడు. 'కిల్లర్ క్వీన్'లో సోలో ఆ నింపినవాటిలోదే, మూడు గిటార్లు గంటల్లా ఒకదాని వెనక ఒకటి మోగి స్వరాలు పేరుస్తాయి.

అసలు ఈ పేర్పుల పిచ్చే అతన్ని మిగతా రాక్ గిటారిస్టుల నుంచి వేరు చేసేది. వేగంగా వాయించేవాళ్లు బోలెడుమంది, గిటార్లతో ఆర్కెస్ట్రా రాసేవాళ్లు తక్కువ. ఒక్కో గొంతు విడిగా రికార్డు చేసి, మూడు నాలుగు గొంతులు కలిపి వయొలిన్ల గుంపులాగా నడిపిస్తాడు. మొదటి ఆల్బమ్‌ల కవర్ల మీద సింథసైజర్లు వాడలేదని రాసుకోవాల్సి వచ్చింది, వింటున్నవాళ్లు నమ్మరని. 1980లో 'ద గేమ్' ఆల్బమ్‌తో వాళ్లూ సింథసైజర్ ముట్టుకున్నారు, నిజం చెప్పాలంటే ఆ తర్వాతి క్వీన్ నాకు సగమే ఇష్టం.

ఈ పేర్పుల వెనక డీకీ యాంప్ అనే ఒక విచిత్రమైన పెట్టె ఉంది. 1972 ప్రాంతంలో లండన్ వీధిలో చెత్త వేసే పెద్ద డబ్బాలోంచి వైర్లు వేలాడుతున్న ఒక సర్క్యూట్ బోర్డు జాన్ డీకన్ కంట పడింది. డీకన్ ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఉన్నవాడు, ఇంటికి తీసుకెళ్లి ఒక బుక్‌షెల్ఫ్ స్పీకర్ పెట్టెలో బిగించి చిన్న యాంప్ చేశాడు. దానికి వాల్యూమ్ లేదు, టోన్ లేదు, ఆన్-ఆఫ్ స్విచ్ కూడా లేదు, తొమ్మిది వోల్టుల పెద్ద బ్యాటరీ తగిలిస్తే మోగుతుంది, తీసేస్తే ఆగుతుంది. బ్రయాన్ దానికి తన గిటార్, బూస్టర్ తగిలించి చూస్తే అందులోంచి వచ్చిన గొంతు గిటార్‌లా లేదు, ఒక్కోసారి చెల్లోలా, ఒక్కోసారి బాకాలా ఉంది. 1975 నాటి 'ఎ నైట్ ఎట్ ద ఒపెరా' ఆల్బమ్‌లో 'గుడ్ కంపెనీ' అని ఒక పాట ఉంది, అందులో క్లారినెట్, ట్రంపెట్, ట్రాంబోన్ ఉన్న పాతకాలపు జాజ్ బ్యాండ్ వినిపిస్తుంది. ఆ బ్యాండ్‌లో ఒక్క ఊదే వాయిద్యం లేదు, అంతా ఆ గిటారూ ఆ చెత్తడబ్బా యాంపూ. కొన్ని చోట్ల ఒక్కో స్వరాన్నీ విడివిడిగా రికార్డు చేసి అతికించాడు, ఎందుకంటే ట్రంపెట్ వాయించేవాడు ఊపిరి తీసుకునే తీరు గిటార్ తీగలో రాదు, దాన్ని కల్పించాలి. పాటలో యుకలేలే కూడా ఉంది.

అదే ఆల్బమ్‌లో 'బొహీమియన్ రాప్సొడీ'. ఆ సోలోని బ్రయాన్ చేతులతో కాక ముందు మనసులో పాడుకుని తయారుచేశాడు, పాట బాణీని తిరగవాయించకుండా దానికి బదులు చెప్పే వేరే బాణీ కావాలని. అందుకే గిటార్ రానివాళ్లు కూడా ఆ సోలోని నోటితో పాడగలరు. తర్వాత వచ్చే ఆ హెవీ రిఫ్, అందరూ తల ఊపేది, ఫ్రెడ్డీ పియానో మీద కట్టింది. పియానో వేళ్లకి సుఖంగా ఉన్నది గిటార్ వేళ్లకి నరకం, దాన్ని స్టేజీ మీద వాయించడం ఇప్పటికీ కష్టమేనని బ్రయాన్ చెబుతుంటాడు.

మనవాళ్లకి ఆసక్తిగా ఉండే ముక్క ఒకటి మర్చిపోకముందే. 1974 నాటి 'వైట్ క్వీన్' పాటలో సితార్ లాంటి జుమ్మనే మోత వినిపిస్తుంది, సితార్ కాదు. అతని దగ్గర ఒక పాత చవక అకూస్టిక్ గిటార్ ఉంటే దాని బ్రిడ్జి మార్చి, తీగ మోగినప్పుడు గట్టి అంచుకి తగిలి జుమ్మనేలా చేశాడు. తంబురా తీగ కింద దారం పెట్టి సరిచేసుకోవడం చూసినవాళ్లకి ఆ సూత్రం ఏంటో చెప్పక్కర్లేదు.

స్టేజీ మీద ఒక్క గిటారే కదా, పేర్పులు ఎలా? దానికి ఎకోప్లెక్స్ అనే టేపు ఎకో యంత్రాన్ని తీసుకుని, ఆలస్యం ఇంకా పొడుగ్గా వచ్చేలా మార్పించాడు. ఒక స్వరం వాయిస్తే సెకను పైన ఆగి అది వేరే యాంప్ నుంచి తిరిగి వస్తుంది, ఈలోగా దాని మీద కుదిరే ఇంకో స్వరం వాయిస్తాడు. రెండో యంత్రంతో మూడో గొంతు. 'బ్రైటన్ రాక్' కచేరీ రికార్డింగుల్లో ఇలా తనతో తానే జుగల్‌బందీ చేస్తుంటాడు, కాలం ఒక్క వెంట్రుకవాసి తప్పినా అంతా కలగాపులగం అయిపోతుంది.

వేరే గిటార్లు అన్నాను కదా, 'క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్' సోలోకి రోజర్ దగ్గరున్న టెలికాస్టర్ వాడాడు, మొదట ఒప్పుకోలేదు, ఆ పాటకి యాభైల నాటి సౌండ్ కావాలని బలవంతపెడితే వాయించాడు. 'వి విల్ రాక్ యు' వీడియోలో చేతిలో ఉన్నది కూడా అసలుది కాదు, జాన్ బర్చ్ చేసిన కాపీ, మంచులో అసలుదాన్ని బయటికి తీయడానికి మనసొప్పలేదు.

1985 జులై 13న లైవ్ ఎయిడ్ కచేరీ, 1991లో ఫ్రెడ్డీ మరణం, ఇవన్నీ సినిమాల వల్ల అందరికీ తెలుసు. 2002 జూన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి జాతీయగీతం వాయించినప్పుడు చేతిలో ఉన్నది ఆ ఫైర్‌ప్లేస్ చెక్క గిటారే. దాన్ని 1998లో గ్రెగ్ ఫ్రయర్ అనే ఆస్ట్రేలియా గిటార్ తయారీదారు విప్పి, పాడైనచోట బాగుచేసి, మళ్లీ కలిపాడు, దాదాపు అన్నీ అసలు భాగాలే ఉంచుతూ. 2007లో అరవయ్యో ఏట పక్కన పడేసిన ఆ పీహెచ్‌డీ పూర్తిచేశాడు, అదే ఇంపీరియల్ కాలేజీలో, అదే ధూళి మీద. 2023లో సర్ బిరుదు వచ్చింది. 2024లో చిన్న స్ట్రోక్ వచ్చి ఎడమ చేయి కొన్నాళ్లు స్వాధీనంలో లేకుండా పోయింది, తీగలు నొక్కే చెయ్యి అదే. తిరిగి వాయించగలుగుతున్నానని సెప్టెంబరులో తనే వీడియోలో చెప్పాడు.

ఇప్పుడు మార్కెట్లో ఈ గిటార్ కాపీలు అతని కంపెనీవే దొరుకుతాయి, డీకీ యాంప్ కాపీలు వచ్చాయి, బూస్టర్ కాపీలైతే లెక్కలేదు. కొనాలనిపిస్తే కొనండి. ముందు మాత్రం 'గుడ్ కంపెనీ'ని హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు వినండి, రెండోసారి ఎడమ చెవి, కుడి చెవి విడిగా వినండి, ఏ వాయిద్యం ఎక్కడ మొదలవుతోందో పట్టుకోండి. ఆ తర్వాత మీ దగ్గర ఏ గిటార్ ఉంటే అది తీసుకుని, యాంప్ కాస్త చిరిగేంత పెంచి, వాల్యూమ్ నాబ్‌ని పదిలోంచి ఐదుకి తెచ్చి చూడండి. ఏం వినిపించిందో కింద రాయండి, ముఖ్యంగా చవక యాంప్ ఉన్నవాళ్లు.